మూడో ప్రతివాది

చిత్తూరు కోర్టు గేటుకెదురుగా, రేకుల షెడ్డులో
పేజీకి పాతిక రూపాయలకు
ఊరివాళ్ళ కష్టాలు టైపు చేస్తాను.
మార్జిను రెండంగుళాలు.
కష్టం ఎంతదైనా అందులోనే సర్దుకోవాలి.

ఫిర్యాది దేశమ్మ, వయసు యాభైమూడు.
వృత్తి: పాలు పోయుట.
"పోస్తా ఉంటి. ఇప్పుడు లేదు" అంది
కుర్చీలో ఒక పక్కకే ఒరిగి కూర్చుని.

జూన్ నెల. గుజ్జు ఫ్యాక్టరీ ముందు
మూడు రాత్రుళ్ళుగా కదలని ట్రాక్టర్లు.
కిలో నాలుగు రూపాయలకు దిగిందని ఫోనొచ్చాక
ఎవరో ఒకరు ముందు తాడు విప్పారు.
ఆ తర్వాత అందరూ.
తెల్లారేసరికి తారు కనపడలేదు.
తోతాపురి మీద లారీలు తిరిగి తిరిగి
మడమ మునిగేంత పసుపు ముద్ద,
ఈగలు,
కడుపులో తిప్పేంత తీపి వాసన.

"మంచు పడే దేశాల్లో ఇట్టనే జారతారంట,
మనవడు ఫోన్లో చూపించినాడు.
ఆడ రోడ్డుకు ఉప్పు చల్లతారంట సామీ.
మనం కాయకు చల్లుకుంటాం గానీ
రోడ్డుకు ఎవురు చల్లతారు?"

ఐదుంబావు. రెండు చేతుల్లో రెండు క్యాన్లు.
"అదుపు తప్పి పడిపోయినది" అని కొట్టాను.
ఆమె ఆపింది.
"నా అదుపు తప్పలే. కాలికింద రోడ్డు తప్పింది."
కోర్టు భాష కాదన్నాడు వకీలు.
నేను మార్చలేదు.
పాలూ గుజ్జూ కలిసి కాలవలోకి పోతుంటే
బండి మీద పోతున్న కుర్రాడెవడో
మ్యాంగో షేక్ అని అరిచాడంట.
అది అర్జీలో లేదు.

వేలూరులో తుంటికి ప్లేటు, ఎనిమిది మరలు,
లక్షా నలభై వేలు.

జవాబులు కూడా నా షెడ్డుకే వచ్చాయి.
తెలుగు టైపింగుకు ఈ వీధిలో మిగిలింది నేనే.
నగరపాలక సంస్థ: సదరు రోడ్డు రోడ్లు భవనాల శాఖది.
ఆ శాఖ: తారు మాదే, తారు మీద పడినది మాది కాదు.
కల్వర్టు దాటితే పంచాయతీ అంట.
పడినప్పుడు దేశమ్మ తల ఇవతల, కాళ్ళు అవతల.
అక్టోబరులో ఇంజినీరు వచ్చి చూసి రాశాడు:
"పరిశీలన సమయమున రోడ్డు పొడిగా ఉన్నది.
ఫిర్యాది చూసి నడవవలసియుండెను."
అచ్చుతప్పు లేకుండా కొట్టి, పాతిక తీసుకున్నాను.

అప్పుడు వకీలు అన్నాడు:
కాయలు పారబోసిన రైతుల్ని కూడా చేర్చాలమ్మా,
మూడో ప్రతివాదిగా. పేర్లు చెప్పు, నీకు తెలుసు గదా.
"మూడు" కొట్టి, పక్కన చుక్క పెట్టి
నేను వేళ్ళు ఎత్తి పట్టుకున్నాను.

ఫ్యాను కిర్రుమంటోంది. దేశమ్మ చాలాసేపు పలకలేదు.
"ముందు తాడిప్పినోడు నాకు తెలుసు.
నా ఆవులు మేసేది వాని తోపులో గడ్డే.
నాలుక్కు దించినోని పేరు మీకు తెలిస్తే
ఆ పేరు రాసుకోండి.
నాకంటే ముందు జారింది వాళ్ళు."

వకీలు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

తొమ్మిది వాయిదాలు. మళ్ళీ జూన్.
మళ్ళీ ట్రాక్టర్లు, మళ్ళీ పసుపు.
ఫోటోలు తీయాలి, ఆ చోట ఎవరూ ఏమీ చల్లొద్దు,
సాక్ష్యం పోతుంది, అని వకీలు ఫోను మీద ఫోను.

నిన్న పొద్దున అటు పోయాను.
కల్వర్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దేశమ్మ,
చేతికర్రతో చూపిస్తోంది.
మనవడు చాటలోంచి పొయ్యి బూడిద చల్లుతున్నాడు.
"ఆడ ఇంకొంచెం పోయిరా.
ఇస్కూలు పిల్లోళ్ళు వచ్చే యాళైంది."
నన్ను చూసి గొంతు తగ్గించింది:
"వకీలుకు చెప్పొద్దప్పా."

బూడిద మీదే కాళ్ళు పెట్టుకుంటూ దాటాను.
షెడ్డు తెరిచి చూస్తే
మూడు పక్కన ఇంకా చుక్కే ఉంది.