నడుమెత్తు నుంచి

లౌషాలో గాజు ఊదే ఓర్ట్రూన్
ఈసారి పంపాల్సింది ఒక కన్ను.
ట్రోమ్సోలో పడవలు కట్టే మేస్త్రికి.
ఎడమది. బూడిద రంగు,
కంటిపాప పక్కన ఆవగింజంత తేనె మరక.

కంటికి రెప్ప అంటారే,
ఆ రెప్పను అట్టతో గీయడం నా పని.
పరీక్షకని రంగు కుదరని కళ్లు పదకొండు
గుడ్ల అట్టలో పెట్టి ఇచ్చింది.

మొదట నురుగు మెత్తగా వేశాను,
పసిబిడ్డ పక్కంత మెత్తగా.
పార్సిల్ మనిషి నడుమెత్తు నుంచి వదిలితే
ఆ మెత్తదనంలోంచి దూసుకుపోయి
అడుగు తగిలి చిట్లింది.
గట్టిది వేశాను.
నేల దెబ్బను నేలలాగే అందించింది.

సాయంత్రానికి తొమ్మిది పోయాయి.
ఊడుస్తుంటే చేటలోంచి
ఒక నీలం పెంకు
నన్నే చూస్తోంది.

ఓర్ట్రూన్ వచ్చింది. పెంకుల గురించి ఏమీ అనలేదు.
"మా అత్త ఎండిన అడవినాచులో చుట్టేది.
అవతల విప్పేసరికి నాచంతా పొడి, బుడ్డి మాత్రం..."
మాట ఆపి కాఫీ పోసుకుంది.

నాచంతా పొడి.
నేనేమో ఇన్నాళ్లూ
దెబ్బ తిని మళ్లీ లేచే దాన్నే వెతుకుతున్నా.

తేనెతుట్టె గదుల్లా మడిచిన కాగితం, ఆరు వైపులా.
పడగానే అప్పడంలా నలుగుతుంది, ఒక్కసారి.
ఇక లేవదు.
పదో కన్ను బతికింది. పదకొండోదీ.

మూత లోపల రాశాను:
ఈ పెట్టె మళ్లీ వాడకండి.
ఎందుకో కూడా రాసి, కొట్టేశాను.

పోస్టాఫీసులో గుమాస్తా
పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు.
చప్పుడు లేదు.
"ఖాళీదా?" అన్నాడు.