రఫూ

కోటు మోచెయ్యి రఫూ చేసినందుకు
ఇరవై రూపాయలు తక్కువిచ్చి
సినిమా పాసొకటి చేతిల పెట్టిండు దక్షిణామూర్తి సారు.
"రెండో భాగం. మొదటిదానికన్నా మంచిగుంటది."

రామ్‌కోటి గల్లీల మేడమీది చిన్న హాలు.
ఫ్యాను తిరిగితే తెర వణుకుతది,
తెర వణికితే నల్లటి చెరువు వణుకుతది,
చెరువులకెల్లి వాడు లేస్తడు.

పోయిన నెల ఇదే కుర్చీల కూసోని చూసిన:
ఊరోళ్ళు పడవలెక్కి తరిమి
బల్లెంతో ఎడమ భుజం చీల్చి ముంచిన్రు.
చచ్చినోడు ఎట్ల లేచిండని ముందు వరుస పోరగాళ్ళు నవ్విన్రు.

నేను నవ్వలే.
భుజం దగ్గర, నలుపుల నలుపు,
తారు పూసిన గోనె మీద
పోగుల పోగు దూర్చిన కుట్టు.

కథల అది మానిన గాయం.
నాకు తెలుసు, అది ఒక రాత్రి పని.
ఎవరో దీపం దగ్గరికి జరుపుకోని
సూది పండ్ల నడుమ పట్టుకోని
రేపే షూటింగంటే ఎట్లని తిట్టుకుంట కుట్టిన్రు.
పేర్లు పడ్డప్పుడు వెతికిన. ఇంగ్లీషు రాదు.
వచ్చినా దొరకదు.

"భయమైందా?" ఇంటర్వెల్ల సారు అడిగిండు.
"భుజం మంచిగ కుదిరింది సార్."

ఈసారి వాడు ఎవ్వర్నీ చంపడు.
ఒడ్డున ఆరేసిన చిరుగుల చొక్కా తీసి
చందమామకు అడ్డం పట్టి చూస్తడు,
చానాసేపు,
గిరాకీ లెక్క.

పొద్దున దుకాణం తెరిచి
సూదిల దారమెక్కిస్తుంటే
చెయ్యి కొంచెం వణికింది.
నా దుకాణంల ఫ్యాను లేదు.