అర్హతల గడి

దరఖాస్తులో 'అర్హతలు' గడి దగ్గర
తవిటయ్య కలం ఆగింది.
నెట్ లేదు, పీహెచ్‌డీ లేదు.
ఇరవై రెండేళ్లు మందస విలేకరి,
స్కేలుతో కొలిచి, లైనుకింతని ఇచ్చిన జీతం.

నేను ఎచ్చెర్లలో పాఠం చెబుతాను.
ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు:
తెర మీద ఏటేటా అవే అయిదు బొమ్మలు.
పేరు ముందు డాక్టరు.
వార్త మాత్రం ఒక్కటీ రాసి ఎరగను.

గంటల లెక్కన అతిథిగా వచ్చినవాడు
మొదటిరోజే పిల్లల్ని
బుడగట్లపాలెం ఒడ్డుకి తీసుకుపోయాడు.
"ఎవరి గురించి రాశారో
వాళ్లకే చదివి వినిపించండి."

మైలపల్లి ఎర్రమ్మ
నెత్తిమీద తట్ట దించకుండానే వింది.
"గల్లంతవనేదు బావూ మావోడు.
తెగిపోయిన వల కోసం ఎనక్కెల్నాడు.
అది రాయి."

హైమ అనే పిల్ల
'గల్లంతు' కొట్టేసింది.
కాగితం చిరిగేంత గట్టిగా.
వెనక నిలబడి
నేనూ నోట్సు రాసుకున్నాను,
చెప్పుల్లో ఇసక గరగరలాడుతుంటే.

మార్చిలో ఫైలు తిరిగొచ్చింది:
'అర్హతలు చాలనందున తిరస్కరించడమైనది.'
ఆ వాక్యంలో 'ఎవరు' లేరు.
కింద మూడు సంతకాలున్నాయి.
రెండోది నాది.