వడ్డాణం, ఒకటి

కొత్తపట్నం బస్టాండు వెనక సందులో
మా నాయన అంకయ్య డ్రెస్ కంపెనీ.
కిరీటాలు గోడకి, గదలు మంచం కింద,
మీసాలు హార్లిక్స్ సీసాలో.

ఎర్ర అట్ట చిట్టాలో
కొణికి శేషరత్నం పేరు మొదటిసారి
అరవై రెండు, మాఘమాసం, అమ్మనబ్రోలు:
జరీచీర ఒకటి, సవరం ఒకటి,
వడ్డాణం ఒకటి.
అద్దె ఆరు రూపాయలు, కాంట్రాక్టరు ఖాతా.

ఆ తర్వాత పేజీకో చోట ఆమె.
కరవది. టంగుటూరు. చీమకుర్తి.
పొగాకు డబ్బు చేతుల్లో ఆడే నెలల్లో
వారానికి నాలుగు రాత్రులు.
ఆమె రాగం ఎత్తుకుంటే
పెట్రోమాక్స్ లైటు కూడా కాసేపు బుసకొట్టడం మానేదని
నాయన చెప్పేవాడు.
నాయన చెప్పేవన్నీ నమ్మక్కర్లేదు.
వన్స్‌మోర్ అన్నవాళ్ల కోసం మూడోసారి పాడుతూ
చీర కింద ఒక కాలితో ఇంకో కాలు గోక్కునేదట, దోమలకి.
ఇది మాత్రం నమ్మొచ్చు.

అరవై తొమ్మిదిలో ఆఖరి పద్దు.
మిగతావన్నీ ముట్టినవి.
వడ్డాణం ఎదురుగా వాపసు గడి ఖాళీ.
తెల్లవారుజామున నాటకం ముగిశాక
ముఖాన అర్దళం కడక్కుండానే
మద్రాసు పాసింజరు ఎక్కిందని
హార్మనీ మేస్త్రి వచ్చి చెప్పాడు.
ముప్పై రూపాయల సరుకు, అని అమ్మ గోల.
"పనిమీదేగా పోయింది" అన్నాడు నాయన,
చిట్టా మూసి.

మూడేళ్లకి, నేల టిక్కెట్టులో,
ఆయన ఒళ్లో నేను.
రాకుమారి వెనక ఆరుగురు చెలికత్తెలు.
ఎడమనించి రెండో ఆమె
పన్నీరు చెంబుతో ఇటు తిరిగింది.
నాయన లేచి నిలబడ్డాడు. నేను కింద పడ్డాను.
"అది మనది! అది మనదేరా!
మూడో రాయి ఊడింది, చూడు!"
వెనకనించి బూతులు, వేరుశెనగ తొక్కలు.
ఆ సినిమా పదకొండుసార్లు చూశాడు.
తక్కిన కథ ఏందో ఆయనకి చివరిదాకా తెలీదు.

ఆ తర్వాత నర్సు. పక్కింటి పిన్ని.
బోనెక్కి ఏడ్చి దిగిపోయే సాక్షి.
హీరోకి తల్లి, ఇంటర్వెల్‌కి ముందే పోయే తల్లి,
వయసులో కొడుక్కన్నా రెండేళ్లు చిన్న.
ఇంటికొచ్చి నాయన ఆమె పేజీలోనే రాసుకునేవాడు:
"తెల్లచీర. మనది కాదు."
"కళ్లజోడు. మనది కాదు."

నాయన పోయిన నాలుగో ఏట
పరిషత్తు వాళ్లు సన్మానమని పిలిస్తే వచ్చి,
సందు వెతుక్కుంటూ మా గుమ్మం ఎక్కింది.
మోకాళ్ల నొప్పులు. గొంతు మాత్రం
చివరి వరసకి వినబడేలానే ఉంది.
నేను చిట్టా తీశాను.

"ఆ వడ్డాణమా?
దిగిన నెలలోనే కోడంబాకంలో
ఇంకో డ్రెస్ కంపెనీకి అమ్ముకున్నా నాయనా.
గది అద్దెకి."
మరి సినిమాలో?
"ఎవరిదో. ఆ పూట ఏది ఇస్తే అది."
మరి మూడో రాయి?
నవ్వింది.
"అన్నిటికీ ఆ రాయే ఊడేది అబ్బాయా.
దణ్ణం పెట్టినప్పుడు
నడుం మడతపడేది అక్కడే."

బయట సిటీ బస్సు హారన్ కొడుతూ పోయింది.
పదకొండు టిక్కెట్ల సంగతి నేను చెప్పలేదు.

"రాత్రికి స్టేజీ మీద ఒక పద్యం అడిగారు.
ఉందా నీ దగ్గర, నా నడుంకి సరిపోయేది?"
కొత్తది తీసిచ్చాను, ప్లాస్టిక్ రాళ్లు, ఏ ఒక్కటీ పోలేదు.
వేలితో ఒక్కో రాయీ తడిమి చూసి,
వద్దంటున్నా అద్దె ముందే లెక్కపెట్టి ఇచ్చింది.
ఆమె పేరు నేనే రాశాను,
నాయన వదిలిన గీత కింద.

రాత్రి పదకొండున్నరకి ఆటో ఆగింది.
దిగలేదు. కిటికీలోంచి పొట్లం అందించి,
"చూసుకో" అంది, పోయింది.

లైటు కింద విప్పి చూసుకున్నాను.
మూడో రాయి లేదు.