పడింది, పెట్టుకుంది

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో, టైలరు షాపు మీది గదిలో
చాప మీద నలుగురం.
గుజ్జు ఫ్యాక్టరీ షిఫ్టు దిగొచ్చిన చెంగల్రాయుడి గోళ్లలో
ఇంకా తోతాపురి పసుపు.

"మూడు పాచికలేస్తా, పడిందే నా వీరుడు."
వేశాడు. బలం నాలుగు.
పగలబడి నవ్వి ఆ బక్కోడికి
బండోడని పేరు పెట్టేశాడు.
"పొద్దస్తమానం బెల్టు మీద కాయలు ఏరతా ఉంటానప్పా,
ఈడన్నా ఏరకుండా తీసుకోనీ."

హేమాద్రి పాచికలు ముట్టలేదు.
గోడకానించిన ఇనుప పట్టీల బూటు వంక
చూసింది నేనే, వాడు కాదు.
"నాకొకతూరి వేసేసినార్లే,
రెండేళ్లప్పుడు, జొరంలో.
ఈ తూరి అందరికీ సమంగా ఇయ్యండి పాయింట్లు.
యాడ పెట్టుకోవాల్నో నేను చెప్తా."

ఇరవై ఏడు.
పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాడు
నెలాఖరు సరుకుల చీటీ రాసే ఆయమ్మలా.
పరుగుకు పెడతాడనుకున్నా.
గొంతుకు పెట్టాడు,
కోటగోడ అవతలికి వినబడేంత.
కాళ్లకు మిగిలిందేదో అది.

పదిన్నరకి మొదటి గుహ.
బండోడు తలుపు తొయ్యలేకపోయాడు.
హేమాద్రి వీరుడు ముందుకొచ్చి
లోపలున్నోళ్లని పేరుపేరునా పిలిచాడు.

తీస్తారా, తియ్యరా?
దానికి మాత్రం పాచిక వెయ్యాల్సిందే.
వాడి గుప్పిట్లో
అదింకా వేడెక్కుతూ ఉంది.