ఎర్రపోటు నాటి గురువారాలు

పేరుకే ఎర్రపోటు.
నీళ్ళు ఎప్పట్లాగే బూడిదరంగు,
చిలోయే దీవి మీద వాన ఎప్పట్లాగే అడ్డంగా.

రేడియోలో మీటలు తిప్పే పని నాది.
ఆ గురువారం ఇస్మేనియా ఓయార్సూన్ వచ్చింది,
ప్రభుత్వానికి సలహా చెప్పే శాస్త్రవేత్త.
తడిసిన బూట్లు గుమ్మంలో విడిచి
మేజోళ్ళతో మైకు ముందు కూర్చుంది.
చేతిలో నాలుగు కాగితాలు,
నాలుగింటా అంకెలే.

చదివింది.
వంద గ్రాముల మాంసంలో ఇన్ని మైక్రోగ్రాములు,
ఎనభై దాటితే నిషేధం,
కొలతలో తేడా ఇంత ఉండొచ్చు.
అద్దానికి ఇవతల నాకు
మా అమ్మ వంటిల్లు కనబడింది:
కుండలో ఆల్చిప్పలు ఒక్కొక్కటే నోరు తెరుస్తుంటాయి.
ఎనభై అంటే ఆవిడకు
ఒక బుట్టలో పట్టే చిప్పలు.

ఫోన్లు మొదలయ్యాయి.
వెండి చెంచా వేసి చూస్తే? నల్లబడకపోతే మంచిదే కదా?
ముందు పిల్లికి పెడితే?
నిమ్మకాయ పిండితే విషం చస్తుందటగా?
ఇంకొకడు: సాల్మన్ కంపెనీలు నీకెంత ముట్టజెప్పాయి?

ఆమె నీళ్ళు నమల్లేదు.
చెంచాకి తెలియదు. పిల్లికి ఆలస్యంగా తెలుస్తుంది.
నిమ్మకీ నిప్పుకీ అది లొంగదు.
కంపెనీలు నాకేమీ ఇవ్వలేదు,
జీతం మాత్రం రాజధాని నుంచే వస్తుంది,
అదీ మీకు తెలిసుండాలి.
ఎన్నాళ్ళంటారా, తెలియదు.
తెలియదని చెప్పడానికైనా వచ్చే గురువారం వస్తాను.

తెలియనిదానికి జీతమెందుకని
మా అమ్మ పొయ్యి మీంచి కుండ దించలేదు.
ఆ రాత్రి ఆవిడకేమీ కాలేదు.
అదే వచ్చిన చిక్కు.
ఏమీ కాలేదన్న కబురు
తెల్లారేసరికి రేవంతా పాకింది.

ఆమె మళ్ళీ వచ్చింది. మళ్ళీ.
ఒక వారం పడవ ఇంజను చెడి నమూనాలే రాలేదు.
అదే చెప్పి వెళ్ళింది.

నాలుగో వారం ఎలెవుతేరియో చిగ్వాయ్ తిన్నాడు.
అర్ధరాత్రి పడవ, ఆసుపత్రి,
మూడు రోజులు గొట్టంలోంచి ఊపిరి.
బతికొచ్చాడు.

నేను ముందే చెప్పలేదా అని ఆమె అనలేదు.
వాళ్ళింటికి నడిచి వెళ్ళి
మాట్లాడతావా అని అడిగింది,
ఇష్టం లేకపోతే వద్దంది.

ఆ గురువారం కాగితాల్లేవు.
మైకు పక్కకు జరిపింది.
"మొదట పెదాలు," అన్నాడు ముసలాయన,
"పక్కింటివాడి పెదాలు తెచ్చి నాకు అతికించినట్టు.
తర్వాత వేళ్ళు.
బుర్ర మాత్రం శుభ్రంగా ఉంది.
మా ఆవిడ పిలుస్తోంది, వింటున్నాను,
పలకడానికి నోరు నాది కాదు."

రేడియోలో ఆరు సెకన్ల నిశ్శబ్దం మాకు నేరం.
పాట వేయాలి.
నేను మీట ముట్టుకోలేదు.

ఆమె ఒక్క మాటే కలిపింది:
"తీరం ఇంకా మూసే ఉంది."

ఇంటికెళితే కుండ బోర్లించి ఉంది,
అమ్మ బంగాళాదుంపల తొక్క తీస్తోంది.
ఎప్పుడు తెరుస్తారటా?
తెలియదంది.
ఊఁ, అంది అమ్మ.
తర్వాత గూట్లోంచి ఉన్ని మేజోళ్ళు తీసి
నా ముందు పడేసింది,
"ఆ పిల్లకివ్వు,
ఒకటి కాస్త వదులైందని చెప్పు."