జానెడు

హాప్సలు ఊరి పాత రైల్వే గిడ్డంగిలో
ఈ చలికాలమంతా నా ఉద్యోగం
ఒక ఫిల్ముని ఆగకుండా తిప్పడం.
పదకొండింటికి బల్బు, ఆరింటికి చీకటి.

ఎనిమిది మిల్లీమీటర్లు,
చిటికెన వేలి గోరంత వెడల్పు.
మొదలుకీ చివరకీ అతుకేశాను.
గోడకి కొట్టిన తొమ్మిది కప్పీల మీదుగా పాకి
యంత్రం నోట్లో దూరి
ఇరవై రెండు సెకన్లు గోడ మీద బతికి
మళ్ళీ కప్పీల మీదికే వస్తుంది.

అందులో ఉన్నది ఇంతే.
గడ్డకట్టిన సముద్రం.
ఎడమ నుంచి ఒక తోపుడు స్లెడ్జి.
తోసేది ఎండెల్,
ఒక కాలు మంచు మీద, ఒక కాలు బద్ద మీద.
కూర్చున్నది కూతురు లెయిలి, ఏడేళ్ళది.
కుడి అంచుకొచ్చాక వెనక్కి తిరుగుతుంది,
కెమెరా పట్టిన కల్యు బాబాయి వైపు.
అంతే.
మళ్ళీ ఎడమ నుంచి స్లెడ్జి.

రోజుకి పదకొండు వందల పైచిలుకు.
లెక్క వేసిన రోజు నాకు అన్నం సయించలేదు.
అంత తోసీ ఆ మనిషి
ఏ ఒడ్డూ చేరడు.

బడిపిల్లలొస్తే వెలుగుకి అడ్డంగా చేతులు పెట్టి
మంచు మీద నీడకుక్కల్ని పరిగెత్తిస్తారు.
టికెట్లు చింపే హెల్గి చెవుల్లో దూది.
ఈ కటకట నిద్రలోకీ వస్తోందిట,
మొగుడి గురకే నయమంటుంది.

ఫిల్ము తెగుతుంది.
చెప్పాపెట్టకుండా, ఎప్పుడూ అతుకు పక్కనే.
ముందు బల్బు ఆర్పాలి.
ఆగిన బొమ్మని దాని వెలుగే కాల్చేస్తుంది.
ఒకసారి ఆలస్యమయ్యాను,
ఎండెల్ టోపీలో గోధుమరంగు పువ్వు విచ్చింది.
తర్వాత కత్తెర.
చిల్లులు చిరిగిన రెండు ఫ్రేములు తీసేసి
కొసకి కొస చేర్చి టేపు.
ఇదే మూలప్రతి. కాపీకి డబ్బుల్లేవన్నారు.
తీసిన ముక్కలు అగ్గిపెట్టెలో దాచాను.

డిసెంబరులో లెయిలి రెండు కళ్ళూ కనబడేవి.
జనవరికి ఒక చెంప.
ఫిబ్రవరిలో టోపీ కుచ్చు కదలకముందే
ఎడమ నుంచి స్లెడ్జి.

పైగా ఫిల్ము పొట్టిదై
కప్పీల మధ్య తంతిలా బిగిసింది.
ఒక కప్పీ పీకేద్దామని నిచ్చెన ఎక్కాను.

అప్పుడొచ్చింది.
యాభై దాటిన మనిషి, పోస్టాఫీసు కోటు,
బూట్ల కింద కరుగుతున్న మంచు.
నాలుగు చుట్లు చూసింది.
ఐదోది చూడకుండా నన్నడిగింది:
"నేను తిరగాలి కదా, ఏదీ?"

దిగి, అగ్గిపెట్టె ఇచ్చాను.
ఒక్కో ముక్కా బల్బుకెత్తి చూసుకుంది,
బియ్యంలో రాళ్ళేరినట్టు.
తిడుతుందనుకున్నాను.

"దీని తర్వాత బోల్తా పడ్డాం, తెలుసా?"
పై పెదవి ఎత్తి చూపించింది.
రెండు పెట్టుడు పళ్ళు.
"నేను రక్తం ఉమ్ముతున్నాను, నాన్న నవ్వుతున్నాడు,
బాబాయి తీస్తూనే ఉన్నాడు.
మీరేమో పడకముందే కత్తిరించారు."

కత్తిరించింది కమిటీ అని చెప్పాను.
చెప్పి, కత్తెర జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఒక రేకుడబ్బా తెచ్చింది.
మూత తీస్తే పుల్లటి వెనిగర్ వాసన,
ముసలి ఫిల్ము వాసన.
"ఎంత కావాలి?"
కప్పీల మీద కొలిచాను.
జానెడు.
ఎక్కువైతే జారి నేలని రాసుకుంటుంది.

జానెడులో ఎంత పడతాం?
ఇద్దరం బల్బు కింద లెక్కపెట్టుకున్నాం.
కల్యు కెమెరా కుడికి తిరుగుతుంది.
ఎడమ బద్ద మంచు నుంచి లేస్తుంది.
లెయిలి చెయ్యి గాలిని పట్టుకోబోతుంది.
అక్కడికి కొలత సరి.

ఇప్పుడు ఉత్తరాలు పంచడం అయ్యాక వస్తుంది.
కోటు విప్పదు, బెంచీ చివర కూర్చుంటుంది.
బద్ద లేచినప్పుడల్లా
నాలుక పై పళ్ళ వెనక్కి పోవడం
ఆ చీకట్లోనూ నాకు తెలుస్తుంది.

మళ్ళీ తెగుతుంది, తెగకుండా ఉండదు.
అప్పుడు బెత్తెడు చాలేమో.
ఎండెల్ నవ్వు మాత్రం
డబ్బాలో ఇంకా మూరెడు లోపల ఉంది.